ఇంట్లో మనిషి మారిపోతున్నట్టు అనిపిస్తే ముందు ఎవరికి చూపించాలి?

మా తమ్ముడు ఆ ఏడు సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అమ్మ వాడి కోసం విడిగా తీసిపెట్టిన అరిసెలు స్టీలు డబ్బాలో అలాగే ఉండిపోయాయి. మామూలుగా అయితే రెండో రోజుకే ఆ డబ్బా ఖాళీ చేసే మనిషి. ఉద్యోగం టెన్షన్ అయ్యుంటుంది అనుకున్నాం. పండగ అయిపోయాక కూడా సెలవు పెట్టి ఉండిపోయాడు. బండి మీద దుమ్ము పేరుకుంది. ఫోన్ మోగితే బోర్లా తిప్పి పెట్టేవాడు. స్నానం చెయ్యమని మూడుసార్లు చెప్పాల్సి వచ్చేది. ఒక రాత్రి మంచినీళ్లకి లేస్తే హాల్లో చీకట్లో కూర్చుని కనిపించాడు. టైము మూడున్నర. "నిద్ర పట్టట్లేదా?" అని అడిగితే, "పడుతోంది అక్కా, రోజూ ఈ టైముకి మెలకువ వచ్చేస్తోంది" అన్నాడు.

అక్కడి నుంచి వాణ్ని ఒక సైకియాట్రిస్ట్ ఎదురుగా కూర్చోబెట్టడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా తాయెత్తు కట్టించాం. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సెలైన్లు ఎక్కించాం. గుంటూరు తీసుకెళ్లి నరాల డాక్టరుకి చూపించి తలకి స్కానింగ్ తీయించాం. ఆన్‌లైన్‌లో ఒక కౌన్సెలర్‌తో ఆరు సిట్టింగులు మాట్లాడించాం. ప్రేమకి లోటు లేదు, డబ్బుకీ ఎలాగో తంటాలు పడ్డాం. ఎవరు దేనికి పనికొస్తారో తెలియక మా వరస తప్పింది. మీ ఇంట్లో అలా జరగకూడదని, ఒక్కో దారి ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో నాకు తెలిసినంత రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. ఆరేళ్లుగా ఓపీ బెంచీల మీద కూర్చుంటున్న అక్కని.

బాధా, జబ్బా?

ఉద్యోగం పోయినా, సంబంధం తప్పిపోయినా, ఇంట్లో ఎవరైనా కన్నుమూసినా మనిషి కుంగిపోతాడు. ఆ బాధలో కూడా పసిపిల్ల వచ్చి ఒళ్లో కూర్చుంటే ముఖం కాస్త తేటపడుతుంది, ఇష్టమైన కూర చేస్తే రెండు ముద్దలు ఎక్కువ తింటాడు. డిప్రెషన్‌లో ఆ రుచి పోతుంది. డాక్టర్లు చూసే లెక్క ఇది: దాదాపు రోజంతా దిగులుగా ఉండడం, లేదా దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాల పాటు వరసగా ఉండి, దానికి తోడు నిద్ర, ఆకలి, ఒంట్లో ఓపిక, ఏకాగ్రత లాంటివి దెబ్బతింటే చూపించాల్సిందే.

అందరూ ఏడవరు. మగవాళ్లలో చాలాసార్లు అది చిరాకుగానో, తాగుడు పెరగడంగానో బయటపడుతుంది. మా అమ్మ వయసు ఆడవాళ్లు దిగులుగా ఉందని నోరు తెరిచి చెప్పరు. ఒళ్లు నొప్పులంటారు, గుండె దడ అంటారు, తల బరువంటారు. టెస్టులన్నీ నార్మల్ వచ్చినా నొప్పి పోదు. ఇంటర్ చదివే పిల్లలైతే పుస్తకం ముందు గంటలకొద్దీ కూర్చుంటారు, పేజీ మాత్రం తిరగదు.

దీనికి పూర్తిగా ఎదురుగా కనిపించేది ఇంకొకటి ఉంది. వారం రోజులుగా రాత్రికి రెండు గంటలే పడుకుంటూ, అయినా అలసట లేకుండా, ఆపకుండా మాట్లాడుతూ, ఉన్న డబ్బంతా తీసి ఏదో వ్యాపారంలో పెట్టేస్తానని తిరుగుతుంటే ఇంట్లోవాళ్లు "మళ్లీ హుషారయ్యాడు" అని సంతోషిస్తారు. అది బైపోలార్ జబ్బులో, అంటే కొన్నాళ్లు కుంగుబాటు, కొన్నాళ్లు అతి హుషారు వచ్చే జబ్బులో, రెండో వైపు కావచ్చు. లేని మాటలు వినిపించడం, ఎవరో తనని గమనిస్తున్నారనీ అన్నంలో ఏదో కలుపుతున్నారనీ గట్టిగా నమ్మడం కూడా తిన్నగా సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాల్సినవే.

"దేవుడి దయవల్ల మన ఇంట్లో అలాంటివి లేవు" అని ఎవరైనా అంటే వాళ్లని నేను తప్పుపట్టను. కానీ బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. వాళ్లలో చాలామంది ఏ వైద్యమూ అందనివాళ్లే. మన వీధిలోనూ ఉన్నారు, చెప్పుకోరంతే.

ఆలోచించుకునే టైము లేని సందర్భాలు

ఎక్కడికి వెళ్లాలి అని పోల్చి చూసుకోవడం కొన్ని సందర్భాల్లో కుదరదు. చనిపోవాలని ఉందని అన్నా, తన వస్తువులు పంచిపెడుతున్నా, అందరికీ వీడ్కోలు చెప్పినట్టు మాట్లాడుతున్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒంటరిగా వదలకూడదు. పొలానికి కొట్టే పురుగుల మందు, ఇంట్లో మిగిలిపోయిన మాత్రలు ఆ పూటే ఇంట్లోంచి పంపించెయ్యాలి, కనీసం తాళం వేసి తాళంచెవి మీ దగ్గర పెట్టుకోవాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయం. అలా అవదు. అడిగితే వాళ్లకి ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది. ఇప్పటికే ప్రయత్నం చేసి ఉంటే 108కి ఫోన్ చెయ్యండి, పోలీసు కేసవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చెయ్యొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

కాన్పైన మొదటి రెండు మూడు వారాల్లో బాలింత నిద్ర పూర్తిగా పోయి, పొంతన లేకుండా మాట్లాడుతూ, బిడ్డ మీద వింత అనుమానాలు పెట్టుకుంటే దాన్ని గాలి సోకిందని ఇంట్లో ఉంచేస్తారు. తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం అది. వెంటనే వైద్యం మొదలుపెడితే బాగా కోలుకుంటారు.

డెబ్భై దాటిన తాతగారు నిన్నటిదాకా బాగుండి రెండు రోజులుగా మనుషుల్ని గుర్తుపట్టకపోతే మాత్రం ముందు జనరల్ ఫిజీషియన్ దగ్గరికి. ఒంట్లో సోడియం పడిపోయినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా అలా అవుతుంది. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేసి, ఒకటి రెండు రోజుల్లో వణుకుతూ లేనివి కనిపిస్తున్నాయంటే అదీ ప్రాణం మీదికి వచ్చేదే. "మానేశాడు, అదే సర్దుకుంటుంది" అని ఇంట్లో ఉంచకండి.

మేం తిరిగిన దారులు

మొదటిది, కొన్నాళ్లు చూద్దాం అని ఊరుకోవడం. కారణం తెలిసి, రోజురోజుకీ కాస్తయినా తేలికపడుతుంటే రెండు వారాలు చూడొచ్చు. దగ్గర కూర్చోవడం, సాయంత్రం నడకకి తీసుకెళ్లడం, వేళకి తిండి, ఇవి నిజంగా పనిచేస్తాయి. ఊరుకోవడంలో భాగంగా వచ్చే ఒక సలహా మాత్రం నాకు చాలా కోపం తెప్పిస్తుంది. "పెళ్లి చేసెయ్యండి, అన్నీ సర్దుకుంటాయి." జబ్బు దాచి పెళ్లి చేస్తే మందులు కూడా దాచి వేసుకోవాలి, కొన్నాళ్లకి మానేస్తారు, జబ్బు తిరగబెడుతుంది. ఆ వచ్చిన అమ్మాయో అబ్బాయో ఏం పాపం చేశారు?

రెండోది గుడి, దర్గా, ప్రార్థన, తాయెత్తు. నమ్మకాన్ని తీసిపారెయ్యను. మా తమ్ముడికి ఆ రోజుల్లో శనివారం గుడికి వెళ్లి రావడమొక్కటే ఇల్లు కదిలే సందర్భం. తాయెత్తు చేతికి ఉండగానే మందులు వేసుకోవచ్చు, ఏ డాక్టరూ వద్దనరు. మందులు ఆపమన్నా, అన్నం మాన్పించినా, కొట్టినా, కట్టేసినా అక్కణ్నుంచి వెంటనే తీసుకొచ్చెయ్యండి. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక షెడ్డుకి నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల పారిపోలేక 28 మంది మానసిక రోగులు చనిపోయారు. దర్గాలో నయమవుతుందని వాళ్లవాళ్లే తీసుకొచ్చి అక్కడ వదిలిన మనుషులు వాళ్లు. మానసిక రోగిని గొలుసులతో కట్టేయడాన్ని ఇప్పుడు చట్టమే నిషేధించింది.

మూడోది ఆర్ఎంపీ, ఎంబీబీఎస్ డాక్టరు, నరాల డాక్టరు. ఇక్కడే మన తెలుగిళ్లల్లో ఎక్కువ కాలం, ఎక్కువ డబ్బు పోతుంది. "నరాల బలహీనత" అనే మాట మనకి చెప్పుకోడానికి సులువు. నరాల డాక్టరంటే న్యూరాలజిస్ట్, పక్షవాతం, ఫిట్స్, పార్కిన్సన్స్ లాంటివి చూస్తారు. దిగులు, భయం, అనుమానాలు చూసేది సైకియాట్రిస్ట్. మా స్కానింగ్ డబ్బులతో ఏడాది మందులు వచ్చేవి. అయినా ఫ్యామిలీ డాక్టర్ని దాటేసి వెళ్లమని చెప్పను. థైరాయిడ్ తగ్గినా, బీ12 తగ్గినా, రక్తహీనత ఉన్నా నీరసం, మందకొడితనం డిప్రెషన్‌లాగే ఉంటాయి. ఆ రక్తపరీక్షలు ఒకసారి చేయించి, నార్మల్ వస్తే అక్కడ ఆగకుండా ముందుకు వెళ్లాలి. వాళ్లు రాసిన నిద్రమాత్రలు మీరే షాపులో మళ్లీ మళ్లీ కొని నెలల తరబడి వాడించొద్దు. కొన్ని అలవాటు పడిపోతాయి, లోపలి జబ్బు అలాగే ఉంటుంది.

సైకియాట్రిస్ట్, సైకాలజిస్ట్

అందరూ నన్ను అడిగేది ఇదే. సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ చేసి, ఆపైన సైకియాట్రీలో ఎండీ గానీ డీఎన్‌బీ గానీ డీపీఎం గానీ చేసిన డాక్టరు. మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్ట్ మాటలతో, అలవాట్లు మార్పించడంతో, పరీక్షలతో వైద్యం చేస్తారు, మందులు రాయరు. వాళ్లకి భారత పునరావాస మండలి, అంటే ఆర్సీఐ, రిజిస్ట్రేషన్ ఉంటుంది. నంబరు అడగడం తప్పేమీ కాదు. కౌన్సెలర్, లైఫ్ కోచ్ అని బోర్డు పెట్టుకున్నవాళ్లలో చదువుకున్నవాళ్లూ ఉన్నారు, రెండు వారాంతాల కోర్సు చేసినవాళ్లూ ఉన్నారు. ఏం చదివారో అడిగి వెళ్లండి.

మేం మాట్లాడించిన కౌన్సెలర్ మంచి మనిషే. సిట్టింగుకి 1,200 కట్టాం. అయితే మా వాడు అప్పటికి రెండు వాక్యాలు వరసగా చెప్పలేని స్థితిలో ఉన్నాడు. కెమెరా ముందు తల దించుకుని కూర్చునేవాడు, గంట అయిపోయేది. "నాతో మాట్లాడించి కూడా లాభం లేదక్కా" అనేశాడు చివరికి. వాడు పూర్తిగా ఆశ వదులుకున్నది ఆ రోజే. ముందు మందులతో నిద్ర, తిండి కుదురుకున్నాక ఇవే మాటలు ఎంతో పనిచేశాయి.

అందుకే నా సలహా ఇలా ఉంటుంది. మనిషి లేచి పనులు చేసుకుంటూ, తన బాధ తను చెప్పుకోగలుగుతూ, పరీక్షల భయమో, ఇంట్లో గొడవలో, పోయినవాళ్ల మీద బెంగో, ఇలాంటి వాటితో సతమతమవుతుంటే సైకాలజిస్ట్‌తో మొదలుపెట్టొచ్చు. నిద్ర, తిండి, స్నానం, పని, వీటిలో రెండు మూడు దెబ్బతిన్నా, చావు మాట వచ్చినా, అనుమానాలూ శబ్దాలూ ఉన్నా, అతి హుషారు ఉన్నా సైకియాట్రిస్టే ముందు. ఎటూ తేల్చుకోలేకపోతే సైకియాట్రిస్ట్ దగ్గరికే వెళ్లండి. మందు అక్కర్లేదనిపిస్తే సైకాలజిస్ట్ దగ్గరికి వాళ్లే పంపిస్తారు.

మందుల గురించి భయాలు నాకూ ఉండేవి. మత్తుగా పడుకోబెడతారని, జీవితాంతం మింగాలని. డిప్రెషన్‌కి ఎక్కువగా రాసే ఎసిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటివి అలవాటు పడే మత్తుమందులు కావు. చిక్కు వేరే ఉంది. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది, కడుపులో తిప్పడం, తలనొప్పి మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. పది రోజులకి "ఇవి పడట్లేదు" అని మానేసేది ఇందుకే. ఆ మొదటి వారాల్లో, ముఖ్యంగా పాతికేళ్ల లోపు పిల్లల్లో, కంగారు గానీ చావు ఆలోచనలు గానీ పెరిగినట్టు అనిపిస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలి. బాగైపోయాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు, సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు. బైపోలార్‌కి వాడే లిథియం అయితే రక్తంలో దాని మోతాదు, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు వేళకి చేయించాలి. ఆ పరీక్షల తేదీలు గుర్తుపెట్టుకునే బాధ్యత ఇంట్లో ఒకరు తీసుకుంటే మంచిది.

గవర్నమెంటా, ప్రైవేటా?

మేం రెండూ చూశాం. మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో సాధారణంగా సైకియాట్రీ ఓపీ ఉంటుంది. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఈ పనికోసమే ఉన్న ఆసుపత్రులు. "ఎర్రగడ్డకి పంపాలి వీణ్ని" అని తిట్టుగా వాడీ వాడీ ఆ పేరు వింటేనే జనం బెదిరిపోతున్నారు. అక్కడికి ఓపీకి వచ్చి మందులు తీసుకుని ఉద్యోగాలకి వెళ్లేవాళ్లు ఎంతమందో.

ప్రభుత్వాసుపత్రిలో ఖర్చు దాదాపు ఉండదు, మందులు ఎక్కువభాగం అక్కడే ఇస్తారు, ఏళ్ల తరబడి వాడాల్సిన జబ్బుకి ఇది చిన్న విషయం కాదు. రద్దీ ఎక్కువ, డాక్టరు పావుగంట ఇస్తే గొప్ప. ప్రతిసారీ వేరే పీజీ డాక్టరు ఉండొచ్చు, కథంతా మొదటినుంచీ చెప్పుకోవాలి. ప్రైవేటులో ఒకే డాక్టరు, తీరిగ్గా వింటారు, పొరుగువాళ్లు చూస్తారన్న బెంగ తక్కువ. నెలనెలా ఫీజు, మందులు కలిపి భారమై, రెండో ఏడు మానేసిన కుటుంబాలు నాకు తెలుసు. మేం మొదటి మూడు నెలలు ప్రైవేటులో చూపించి, మందులు కుదిరాక అదే చీటీతో గవర్నమెంటు ఓపీకి మారాం. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లకి నేను ఈ పద్ధతే చెబుతాను.

అడ్మిషన్ విషయంలో ఒక మాట. ఇన్సూరెన్స్ ఉంటే, 2017 చట్టం ప్రకారం శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలి, పాలసీ కాగితం తీసి చదవండి. మనిషి ఒప్పుకోకపోయినా ప్రమాదంలో ఉంటే, అతని నామినేటెడ్ రిప్రజెంటేటివ్, అంటే అతని తరఫున నిర్ణయాల్లో తోడుండే మనిషి, పెట్టిన దరఖాస్తు మీద, నిపుణులు విడివిడిగా పరీక్షించి, మొదట 30 రోజుల వరకు చేర్చుకునే ఏర్పాటు చట్టంలో ఉంది. ఫోన్ చేస్తే చాలు మనుషుల్ని పంపి బలవంతంగా ఎత్తుకెళతామనే డీఅడిక్షన్, రీహాబ్ సెంటర్ల జోలికి వెళ్లొద్దు. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్ట్ రోజూ వస్తారా, మనిషిని కలవనిస్తారా? ఈ మూడింటికీ తిన్నగా జవాబు రాకపోతే వెనక్కి వచ్చెయ్యండి.

ఏదీ తోచనప్పుడు టెలీ మానస్ అనే హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. జబ్బు ఉన్న మనిషే చెయ్యాలని లేదు. "మా అబ్బాయి ఇలా ఉన్నాడు, ఏం చెయ్యమంటారు?" అని అమ్మానాన్నలూ అడగొచ్చు. ఆసుపత్రికి ససేమిరా అనేవాళ్లు కూడా ఫోన్‌లో మాట్లాడటానికి ఒప్పుకోవచ్చు. పిల్లలు అమెరికాలో ఉంటే అక్కడి ఇలాంటి హెల్ప్‌లైన్ 988కి ఫోన్ గానీ మెసేజ్ గానీ చెయ్యొచ్చు. చదువుకునేవాళ్లకి యూనివర్సిటీలో కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది. ఇక్కణ్నుంచి రోజుకి పదిసార్లు వీడియో కాల్ చేసే బదులు, అదే ఊళ్లో ఉన్న స్నేహితుడొకణ్ని తలుపు కొట్టి చూసి రమ్మనడం ఎక్కువ మేలు.

ఎలా అడగాలి?

"నీకేం తక్కువైంది?", "మేం ఇంతకన్నా కష్టాలు పడలేదా?", "కాస్త ధైర్యం తెచ్చుకో". ఈ మూడూ నేనే అన్నాను. అన్న ప్రతిసారీ వాడు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. పనిచేసిన మాట చాలా చిన్నది. "మూడున్నరకే మెలకువ వస్తోంది కదా, నిద్ర గురించి ఒక డాక్టర్ని అడుగుదాం. నేనూ వస్తా." మానసిక జబ్బు అనే మాట ఎత్తలేదు. నిద్ర సరిగా లేదన్నది వాడికీ ఇబ్బందే, అక్కడ మా ఇద్దరికీ కుదిరింది. రానని మొండికేస్తే గొడవ పడకుండా మీరొక్కరే వెళ్లి డాక్టరుకి చెప్పి సలహా తీసుకోండి. ఎవరి మాట వింటారో, మేనమామో, బాబాయో, పాత టీచరో, వాళ్లచేత ఒకసారి చెప్పించండి. చెప్పకుండా అన్నంలో మందు కలపడం మాత్రం వద్దు. తెలిసిన రోజున అన్నం మీదా మన మీదా నమ్మకం పోతుంది.

మొదటిసారి వెళ్లేటప్పుడు రెండు వారాల రాత పట్టుకెళ్లండి. మాది పాలవాడి లెక్కల పుస్తకం. వెనక పేజీల్లో ఏ రాత్రి ఎన్నింటికి పడుకున్నాడు, ఎన్నింటికి లేచాడు, ఎన్ని పూటలు తిన్నాడు అని రాశాను. డాక్టరు నేను చెప్పేది ఆపి ఆ పేజీలే ముందు చదివారు. పాత చీటీలు, వాడిన మాత్రల అట్టలు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి జబ్బు ఉందా అన్నది, తాగుడు, గంజాయి లాంటివి ఉంటే ఆ సంగతి, ఏదీ దాచొద్దు. మనిషిని కాసేపు ఒంటరిగా డాక్టరుతో మాట్లాడనివ్వండి, మీరు బయటికి రండి. చాలాచోట్ల గవర్నమెంటు ఓపీ చీటీలు పొద్దున పూటే ఇస్తారు. ఇంటి దగ్గరే టిఫిన్ తినిపించి, నీళ్ల సీసా పెట్టుకుని, ఆ రోజుకి ఇంకే పనీ పెట్టుకోకుండా బయల్దేరండి.